ఒంగోలు బడి, అంతియొకయ బల్ల: వేరు బడుల చరిత్రను మనం చెప్పుకొనే తీరుపై ఒక విమర్శ

"జాతి" అనే మాట మన వాడుకలో రెండు పనులు చేస్తుంది. అమెరికా గురించో దక్షిణాఫ్రికా గురించో ప్రసంగించేటప్పుడు "జాతి వివక్ష" అంటాము. అక్కడ జాతి అంటే చర్మపు రంగు. రేణిగుంట చుట్టుపట్ల పల్లెలలో కొత్త మనిషిని నిలబెట్టి "మీదే జాతి?" అని అడిగినప్పుడు అడిగేవాడికి రంగుతో పని లేదు. మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇవ్వాలో తేల్చుకోవడానికి అడుగుతున్నాడు. మాట ఒకటే. ఒక అర్థం వేదిక మీద, రెండవ అర్థం వీధిలో.

యవనస్థుల కూడికలలో ఈ వ్యాసకర్త కూడా మార్టిన్ లూథర్ కింగ్‌ను గురించి అనేకసార్లు మాట్లాడాడు. వినేవారు కంటతడి పెట్టారు. కూడిక ముగిసిన తరువాత ఊరివారు ఊరిలోకి, మాల విశ్వాసులు తమ పల్లెకు, మాదిగ విశ్వాసులు తమ పల్లెకు వెళ్ళిపోయారు. యానాది కుటుంబాలు కూడికకు రానేలేదు. వారిని పిలిచినవారు లేరు. ఆ రాత్రి ఇందులో చెప్పుకోదగిన సంగతి ఏదైనా ఉన్నదని ఎవరికీ తోచలేదు, ప్రసంగీకుడికి కూడా.

2001 ఆగస్టు 31 నుండి సెప్టెంబరు 8 వరకు డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు కులాన్ని కూడా చర్చకు తేవాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం, జాతి ఒకటి కావని భారత ప్రభుత్వం వాదించింది. మరుసటి సంవత్సరం, 2002లో, జాతివివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో వంశాన్ని బట్టి చూపే వివక్ష కూడా ఒడంబడిక పరిధిలోనికే వస్తుందని తేల్చింది. న్యాయశాస్త్రం సంగతి అలా ఉంచుదాము. డర్బన్ అనే పేరు తెలుగు సంఘానికి కొత్తది కాదు. 1860లో మద్రాసు నుండి వెళ్ళిన "ట్రూరో" ఓడ మొదలు 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు తరలిన ఒప్పంద కూలీలలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలామంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మన చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఆ జిల్లాలోనివే. ఆ కూలీల కొరకే తెలుగు బాప్తిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపాయి. ఆయన కాలుమోపిన చోట తెల్లవారి బడి వేరు, భారతీయుల బడి వేరు, ఆఫ్రికనుల బడి వేరు. ఆయనను సాగనంపిన చోట బడులు ఎలా ఉండేవి? దీనికి మన సంఘ చరిత్రలు ఇచ్చే జవాబును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. జవాబు అబద్ధమని నేను అనడం లేదు. సగం జవాబు అంటున్నాను.

ఒంగోలు కథ: చెప్పే భాగం, చెప్పని భాగం

తెలుగు నాట క్రైస్తవ ఉపదేశకులలో జాన్ క్లౌగారి బైబిలు కథ తెలియనివారు అరుదు. ఆయన 1866లో ఒంగోలు చేరాడు. అక్కడ బడి పెట్టాడు. పై కులాల పిల్లలు వచ్చేవారు. ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య ద్వారా సువార్త విన్న మాదిగ విశ్వాసులు గ్రామాలనుండి రావడం మొదలుపెట్టారు. వీరిని చేర్చుకొంటే మేము రామని పై కులాలవారు కచ్చితంగా చెప్పారు. దొరగారు తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం కనిపించింది. వేరే గదిలో దొరసానిగారు తెరిస్తే ఆమెకూ అదే భాగం. ఎన్నికలేనివారిని, నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న ఆ భాగమే దారి చూపింది. మాదిగ విశ్వాసులను చేర్చుకొన్నారు. పై కులాల పిల్లలు బడి విడిచిపోయారు. ఆ తరువాత పన్నెండేళ్ళలోపే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు.

క్లౌగారు 1910లో మరణించాక, 1914లో వెలువడిన "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్" అనే ఆత్మకథలో ఈ వృత్తాంతం ఉన్నది. ఆ గ్రంథాన్ని ఆయన మాటలలో కూర్చినది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు. మాదిగల జీవితాన్ని గురించి 1899లోనే "వైల్ సోయింగ్ శాండల్స్" అనే పుస్తకం వ్రాసిన మనిషి; సాంఘిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి. కనుక ఆ గ్రంథంలో గ్రామ వ్యవస్థను గురించిన ఆలోచన లేదనలేము. ఆలోచన లేనిది మనం ఆ కథను చెప్పే తీరులో.

మనం చెప్పేటప్పుడు కథ రెండు బైబిళ్ళ దగ్గర ఆగి, వెంటనే గుండ్లకమ్మకు దూకుతుంది. మధ్యలో బడి మాయమౌతుంది. పిల్లలు విడిచిపోయారన్న అర వాక్యం త్యాగానికి గుర్తుగా మాత్రమే మిగులుతుంది. దొరగారు గొప్పవారిని వదులుకొని మనలను ఏరుకొన్నాడు అని వింటున్న పల్లె విశ్వాసి గుండె పొంగుతుంది. అది సహజమే, ఆ కథ ఆతనికి తలెత్తుకొనే ధైర్యం ఇచ్చింది, దానిని నేను చిన్నచూపు చూడను. కాని ఆ కథలో ఎన్నుకోవలసి వచ్చింది రెండు బడులలో ఒకదానిని. ఇద్దరూ కూర్చొనే ఒకే బడి అనే మూడవ దారి ఆ గదిలో ఎవరి ముందూ లేదు. క్లౌగారిని తప్పుపట్టడం తేలిక. కొత్తగా వచ్చిన ఒక మిషనరీ ఊరిని బలవంతపెట్టి ఒకే బల్ల మీద కూర్చోబెట్టగలిగి ఉండేవాడు కాడు. ఉన్న రెండు దారులలో ఆయన సరైన దారినే పట్టాడు. మన పొరపాటు ఏమిటంటే, గత్యంతరం లేక జరిగిన దానిని దైవసంకల్పమైన ఏర్పాటుగా బోధించడం. దేవుడు మనలను ఏరుకొన్నాడు అన్న వాక్యం మెల్లగా దేవుడు మనకు వేరే బడి ఇచ్చాడు అన్న అర్థాన్ని పుంజుకొన్నది.

పై కులాల పిల్లలను మిషన్లు వదులుకొన్నాయన్నది కూడా సగం నిజమే. పట్టణాలలో వారికొరకు వేరే బడులు పెట్టాయి. మదనపల్లె, చిత్తూరు ప్రాంతాలలో పనిచేసిన ఆర్కాటు మిషనుతో సహా అనేక మిషన్లు "హిందూ బాలికల పాఠశాల" పేరుతో కులస్థుల ఆడపిల్లలకు ఒక బడి, క్రైస్తవ బాలికలకు మరొక బోర్డింగు బడి నడిపాయి. రెండూ మంచివే. రెండింటిలోనూ అదే సువార్త పాఠం. పిల్లలు మాత్రం కలవలేదు. మన జూబిలీ సంచికలు ఈ రెండింటినీ "స్త్రీ విద్యకు సంఘం చేసిన సేవ" అనే ఒకే శీర్షిక కింద, ఒకే పేరాలో పొగుడుతాయి. పేరాలో కలిసిన పిల్లలు బడిలో ఎందుకు కలవలేదన్నది అడగరు.

మిషన్లకు సిద్ధాంతం తెలియక కాదు. కులభేదం సంఘంలో నిలువరాదని కలకత్తా బిషపు డేనియల్ విల్సన్ 1833లోనే ఆజ్ఞాపత్రం పంపాడు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం కులాన్ని ఖండించి, కలిసి భోజనం చేయడాన్ని దానికి పరీక్షగా పెట్టింది. ఆ పరీక్షను విశ్వాసికి పెట్టారు. బడికి పెట్టలేదు.

బోర్డు మీద అక్షరాలు

రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట, గూడూరు వైపు 1865 నుండి హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను పనిచేసింది. ఈ ప్రాంతంలో పల్లెలోనే బడి, బడిలోనే గుడి. అదే పంచలో పగలు అక్షరాలు, ఆదివారం ఆరాధన. ఊరి బడి అగ్రహారంలోనో దేవాలయపు మండపంలోనో ఉంటే పల్లె పిల్లవాడు అక్కడికి పోలేడు కాబట్టి బడే పల్లెకు వచ్చింది. ఆ వచ్చిన బడి లేకపోతే ఈ వ్యాసం వ్రాసే చేతికి అక్షరం లేదు. మా నాయన పలక పట్టింది అటువంటి బడిలోనే. కృతజ్ఞత చెప్పవలసిన చోట కృతజ్ఞత చెప్పి, తరువాత విమర్శ చేయాలి.

1920 దశకంలో మద్రాసు ప్రభుత్వపు లేబరు శాఖ కూడా ఇదే దారి పట్టింది. అణగారిన కులాల పిల్లలకు వేరుగా "లేబరు స్కూళ్ళు" తెరిచింది. ఊరి బడిని తెరిపించడం కంటే పల్లెలో బడి పెట్టడం తేలిక. ఎవరితోనూ తగాదా ఉండదు. దాదాపు ఆ రోజులలోనే "ఆది ఆంధ్ర" అనే గౌరవప్రదమైన పేరు అధికారికమైంది. 1930 దశకంలో "హరిజన" అన్న పేరు వ్యాపించింది. ఈ రెండు పేర్లూ మన జిల్లాలో వాడల మీద, వాడల నుండి బడుల మీద స్థిరపడ్డాయి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని వ్రాసి, ఊరి పేరు వ్రాసి, పక్కన హెచ్.డబ్ల్యు. అనో ఎ.ఎ.డబ్ల్యు. అనో వ్రాసిన బోర్డులను చిత్తూరు జిల్లాలో తిరిగిన ప్రతి ఉపదేశకుడూ చూచి ఉంటాడు. హరిజనవాడ, ఆది ఆంధ్రవాడ. ఊరి బడి బోర్డు మీద మాత్రం ఊరి పేరే ఉంటుంది, అక్షరాలు ఉండవు. ఐదేళ్ళ పిల్లవాడు చదవడం నేర్చుకొనే మొదటి అక్షరాలలో ఇవి కూడా ఉన్నాయి.

2022 జూన్‌లో 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించే 117వ నంబరు ఉత్తర్వు వచ్చి, 2025లో రద్దయింది. ఆ మూడేళ్ళూ దూరం గురించి, ఉపాధ్యాయుల సంఖ్య గురించి వాదనలు సాగాయి. పల్లెకూ ఊరికీ మధ్య ఉన్న ఆ అర కిలోమీటరు దేనితో నిర్మితమైందో చెప్పగల సంఘం తన పత్రికలలో ఒక్క సంపాదకీయం వ్రాసినట్లు నేను చూడలేదు.

గుర్రం జాషువగారిని ఇక్కడ ఒక మాట తలచుకోవాలి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇద్దరూ క్రైస్తవులు. బడిలో అంటరానివాడు. మిషను బడిలో ఉపాధ్యాయుడు. పురాణ కథలను పద్యాలుగా వ్రాయడం సంఘంలోని కొందరికి గిట్టక అక్కడా వెలి. 1941లో వచ్చిన "గబ్బిలం" కావ్యాన్ని మన వేదాంత కళాశాలలలో దేవాలయ ప్రవేశం గురించిన కావ్యంగా బోధిస్తాము. గబ్బిలం గుడిలోనికి పోగలదు, మనిషి పోలేడు. సరే. కాని ఆ కవిని వెలివేసినది ఒక్క గుడి కాదని బోధించే అధ్యాపకులు ఎందరు? జాషువను మన తరగతి గదిలో ఎదుటివారి మీద సాక్షిగా పిలుస్తున్నాము. మన మీద కూడా ఆయన సాక్షియే.

కేప్ సినడు, వర్జీనియా బడులు

వేరు ఏర్పాటు ఎలా శాశ్వతమౌతుందో తెలుసుకోవడానికి దక్షిణాఫ్రికా సంఘ చరిత్రలో ఒక తీర్మానం మనకు ఉపకరిస్తుంది. 1857లో, క్లౌగారు ఒంగోలు చేరడానికి తొమ్మిదేళ్ళ ముందు, కేప్ ప్రాంతపు డచ్ సంస్కరణ సంఘ సినడు కూడింది. అన్యులనుండి వచ్చిన విశ్వాసులు ఉన్న సంఘాలలోనే చేరడం వాంఛనీయమనీ, వాక్యానుసారమనీ ముందుగా ఒప్పుకొన్నది. తరువాత, కొందరి బలహీనత వలన ఇది సువార్త పనికి అడ్డమయ్యే చోట వారికి వేరే కట్టడంలో ఆరాధన జరుపవచ్చునని అనుమతించింది. ఆ బలహీనత ఎవరిదో దాపరికం లేదు. నల్లవారితో ఒకే గిన్నెలో ద్రాక్షారసం తీసుకోలేని తెల్లవారిది. బలహీనులు తెల్లవారైతే బయటికి వెళ్ళినవారు నల్లవారు. 1881లో వేరు కట్టడం వేరు సంఘంగా మారింది. ఇరవయ్యవ శతాబ్దంలో దానికి వేదాంతం తోడైంది. దేవుడే జాతులను వేరుచేశాడని ఆదికాండము 11నుండి నిరూపించారు. 1950లో నివాస ప్రాంతాల విభజన చట్టం, 1953లో బంటు విద్యా చట్టం. నేటాల్‌లోని మన తెలుగువారు తరతరాలుగా కట్టుకొన్న ఇళ్ళను విడిచి, తమ జాతికి కేటాయించిన చోటికి తరలవలసి వచ్చింది ఆ 1950 చట్టం వల్లనే. ఆ సంఘంలో నుండే 1982లో బెల్హార్ ఒప్పుకోలు పుట్టి 1986లో ఆమోదం పొందింది. విశేషం ఏమంటే, మదనపల్లెలో పనిచేసిన ఆర్కాటు మిషనుకు తల్లి సంఘమైన అమెరికా సంస్కరణ సంఘం 2010లో బెల్హార్‌ను తన విశ్వాస ప్రమాణాలలో చేర్చుకొన్నది. మదనపల్లెలో దానిని చదివినవారు ఎందరో నాకు కనబడలేదు.

1857 తీర్మానాన్ని తెలుగు మిషనుల నిర్ణయంతో సమానం చేయడం న్యాయం కాదు. కేప్ సినడు బలవంతులకు లొంగింది, ఒంగోలు లొంగలేదు. కాని ఇద్దరి తరువాతి తరాలకూ చేతికి అందినది ఒకటే: వేరు కట్టడం. ఉద్దేశాలు ఎదురెదురు, కట్టడం ఒకటే. విమర్శకుడికి ఆలోచించవలసిన చోటు ఇది.

అమెరికాలో 1896 నాటి "వేరుగా అయినా సమానంగా" అన్న సూత్రాన్ని 1954 మే 17న బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మన ప్రసంగాలు ఇక్కడే ఆగుతాయి. తరువాత జరిగినది మనకు ఎక్కువ పనికివస్తుంది. వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, పిల్లలను కలపవలసి వచ్చేసరికి, 1959లో ప్రభుత్వ బడులన్నిటినీ మూసివేసింది. 1964 వరకు తెరవలేదు. తెల్ల పిల్లల కొరకు ప్రైవేటు బడి వెలిసింది. దాని తరగతులు మొదట చర్చి భవనాలలో కూడా నడిచాయి. దక్షిణ రాష్ట్రాలలో ఇటువంటి ప్రైవేటు బడులు అనేకం లేచాయి. వాటిలో కొన్ని "క్రైస్తవ" అనే పేరునే బోర్డు మీద వ్రాసుకొన్నాయి. కలవమని చట్టం చెప్పినప్పుడు కలవకుండా ఉండడానికి ఫీజు ఒక మార్గమైంది.

ఇప్పుడు మన బోర్డుల దగ్గరికి తిరిగి రావాలి. గత ముప్పై ఏళ్ళలో ఊరి బడి తలుపు పల్లె పిల్లలకు తెరుచుకొన్నది. తెరుచుకొంటూ ఉండగానే ఊరి పిల్లలు పసుపు బస్సులెక్కి ప్రైవేటు బడులకు పోయారు. వారి వెనుక పల్లెలో ఉద్యోగం సంపాదించిన కుటుంబాలు పోయాయి. వారితోపాటు పాస్టర్ల పిల్లలు పోయారు. ఈ వ్యాసకర్త ఇద్దరు పిల్లలనూ స్కూటరు మీద ఎక్కించుకొని, మా నాయన చదివిన పల్లె బడి ముందునుండే ప్రతి ఉదయం ఫీజుల బడికి తీసుకుపోయాడు. ఒకనాడు గృహ కూడికలో గలతీ పత్రిక చెబుతుండగా పల్లెలోని ఒక పెద్దమ్మ అడిగింది: "అయ్యోరా, మీ పాప యాడ సదవతా వుండాది?" ఆమె వెటకారానికి అడగలేదు, తన మనుమరాలిని కూడా అక్కడ చేర్పించాలని ఆశ. ఫీజు ఎంతో చెప్పాను. ఆమె మళ్ళీ అడగలేదు.

సంఘాలు కూడా పట్టణాలలో ఇంగ్లీషు మీడియం బడులు తెరిచాయి. తెరవడం తప్పు కాదు. అయితే చట్టంలో ఒక మెలిక ఉన్నది, పాస్టర్లు దానిని తెలుసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 12వ సెక్షను ప్రకారం ప్రైవేటు బడులు మొదటి తరగతిలో నాలుగవ వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీలు నడిపే బడులకు ఈ చట్టం వర్తించదని 2014 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. వాదనలు ఎటు పోయినా మన ముందున్న ప్రశ్న కోర్టుది కాదు. 30వ అధికరణాన్ని మనకు సంపాదించి పెట్టిన సంఖ్యాబలం ఎవరిది? పల్లెలోని విశ్వాసులది. ఆ హక్కును అడ్డుపెట్టుకొని పల్లె పిల్లకు సీటు ఇవ్వనవసరం లేదని నిశ్చింతగా ఉండడం ఎటువంటి పని? పైగా ఆ పల్లె విశ్వాసి, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా కారణంగా, బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఒక పేరు పెట్టుకొని బ్రతుకుతున్నాడు. పిల్లకు చదువు కావాలంటే ప్రభుత్వం దగ్గర క్రీస్తు పేరు దాచాలి. సంఘం బడిలో ఆ పేరు చెప్పినా, ఫీజు లేకపోతే పనికిరాదు.

ఒక బలమైన అభ్యంతరం

వేరుగా ఉన్నదంతా చెడ్డదా అని చదువరి అడగవచ్చు. అడగాలి. అమెరికాలో డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ 1935లోనే నల్లవారికి వేరు బడులు కావాలా అన్న ప్రశ్నతో ఒక వ్యాసం వ్రాశాడు. ఆయన వాదం సారాంశం ఇది: కలిసిన బడి అయినా వేరు బడి అయినా పిల్లవాడికి కావలసింది చదువు, తనను ద్వేషించే ఉపాధ్యాయుని ముందు కలిసి కూర్చోవడం కంటే, తనను ప్రేమించే ఉపాధ్యాయుని ముందు వేరుగా కూర్చోవడం మేలు కావచ్చు. మన రాష్ట్రంలో 1980 దశకంలో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాలు డుబోయ్ వాదానికి బలం. అక్కడినుండి డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. పల్లెలోని మిషను బడి కూడా తన కాలంలో అటువంటి చోటే: కొట్టని, తిట్టని, పేరు పెట్టి పిలిచే ఉపాధ్యాయుడు ఉన్న చోటు.

ఈ అభ్యంతరాన్ని నేను చాలా మేరకు ఒప్పుకొంటాను. గాయపడినవారు తమ కొరకు తాము కట్టుకొన్న వేరు ఇల్లు, ఎదుటివారి ముఖం చూడలేని బలవంతుల కొరకు కట్టిన వేరు ఇల్లు ఒకటి కావు. గురుకులం మూసివేయాలని ఎవరూ ఈ వ్యాసాన్ని పట్టుకొని వాదించవద్దు. కాని సంఘానికి ఈ వాదం పూర్తిగా సరిపోదు, ఎందుకంటే సంఘం బడి మాత్రమే కాదు. దానికి ఒక బల్ల ఉన్నది. పైగా మన వేరు అంతా బలవంతుల పుణ్యమే కాదు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవుల సంఘం అని మనమే పేర్లు పెట్టుకొని మనమే నడుపుకొంటున్నాము. యానాది పిల్లవాడిని పల్లె బడిలో వెనుక బెంచీలో కూర్చోబెట్టింది అగ్రహారం కాదు.

అంతియొకయ

గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయం 11 నుండి 14 వచనాల మీద మన ప్రసంగాలు సాధారణంగా విశ్వాసమూలముగా నీతిమంతుడగుట అనే సిద్ధాంతం వైపు త్వరగా వెళ్ళిపోతాయి. 16వ వచనానికి ముందున్నది కేవలం సందర్భమని భావిస్తాము. కాని అంతియొకయలో జరిగినది భోజన పంక్తి గొడవ. యాకోబు వద్దనుండి కొందరు రాకముందు పేతురు అన్యజనులతో కలిసి తిన్నాడు. వారు వచ్చిన తరువాత మెల్లగా వెనుకకు తగ్గి వేరైపోయాడు. ఎవరినీ బయటికి గెంటలేదు. ఎవరి బాప్తిస్మమునూ కాదనలేదు. ఒక బల్ల ఉన్న చోట రెండు బల్లలు అయ్యాయి, అంతే. బర్నబా కూడా ఆ వేషములో కొట్టుకుపోయాడు. పేతురు కూడా 1857 సినడు మాటలాగే, వచ్చినవారి బలహీనతను మన్నిస్తున్నానని అనుకొని ఉంటాడు.

పౌలు వాడిన క్రియాపదం "ఒర్థొపొదెఓ", తిన్నగా అడుగులు వేయడం. వారి సిద్ధాంతం తప్పని ఆయన అనలేదు. వారి పాదాలు సువార్త సత్యంవైపు తిన్నగా నడవడం లేదన్నాడు. సిద్ధాంతం పేతురు నోటిలో సరిగానే ఉంది. అడుగులు వేరే బల్ల వైపు పోతున్నాయి. ఇదే పద్ధతిలో ఎఫెసీ 2:14లోని మధ్యగోడను కూడా మనం ఆత్మసంబంధమైన మాటగా కరిగించివేస్తాము. యెరూషలేము దేవాలయంలో అటువంటి గోడ ఉండేది. అన్యుడు దాటితే మరణశిక్ష అని దానిమీద గ్రీకులో చెక్కిన రాతిఫలకం 1871లో దొరికింది. జోసీఫసు చెప్పినదాని ప్రకారం ఆ గోడ ఎత్తు మూడు మూరలే. నిలబడితే అవతలివారు కనబడతారు, పలకరించవచ్చు, వారి పాటలు వినవచ్చు. ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న వరిచేను కూడా అంత ఎత్తే.

క్లౌ దంపతుల బైబిళ్ళు కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం దగ్గర తెరుచుకొన్నాయి. ఎన్నికలేనివారి ఏర్పాటును గురించి మనం నూటయాభై ఏళ్ళుగా ప్రసంగిస్తున్నాము. అదే పత్రికలో 11వ అధ్యాయం 17వ వచనం నుండి మరొక కూడిక ఉన్నది. అందులో కలిగినవారు ముందుగా తిని తాగి మత్తులవుతారు, లేనివారు ఆకలితో నిలుచుంటారు. మీరు తినేది ప్రభువు రాత్రి భోజనము కాదని పౌలు ముఖాన్నే చెబుతాడు. ఏర్పరచబడినవారు ఏర్పాటు తరువాత ఒకరితో ఒకరు ఏ బల్ల వద్ద కూర్చున్నారన్నది ఆ అధ్యాయపు విచారణ. ప్రభురాత్రి భోజన ఆదివారాలలో ఆ అధ్యాయంలోని 23 నుండి 26 వరకు మాత్రమే చదివి, ముందున్న ఆరు వచనాలను వదిలివేయడం మనకు అలవాటైపోయింది. వాటిని చదవాలి. సంఘం నడిపే ప్రతి బడి కమిటీ సమావేశంలో కూడా చదవాలి, ఫీజుల పట్టిక తయారుచేసే ముందు. నాలుగవ వంతు సీట్లు చట్టం అడిగినా అడగకపోయినా ఇవ్వాలని ఒక్క డయాసిస్, ఒక్క సినడు అయినా తీర్మానించాలి. బోర్డు మీద అక్షరాలను తీసివేయమని మండల విద్యాధికారికి విన్నపం ఇవ్వడానికి ఒక కాగితం, రెండు సంతకాలు చాలు.

పరిశోధక విద్యార్థులకు ఒక పని మిగిలి ఉన్నది. ఊరి బడిలో మొదటిసారి అడుగుపెట్టిన పల్లె పిల్లలు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వృద్ధులు. రేణిగుంట మండలంలోనే గాజులమండ్యం, కరకంబాడి, తూకివాకం వైపు అటువంటివారు ఉంటారు. వారిని వారి ఇళ్ళలోనే కూర్చొని అడిగి వ్రాసుకోవాలి. ఏ సంవత్సరం వెళ్ళారు, ఎక్కడ కూర్చోబెట్టారు, కుండలో నీళ్ళు ఎవరు ముంచి పోశారు, ఏ ఉపాధ్యాయుడు పలకను చేతితో అందుకొన్నాడు, ఎవరు కింద పెట్టమన్నారు. ఆ రోజు వారు ఇంటికి వచ్చి చెప్పినప్పుడు పల్లెలోని ఉపదేశకుడు ఏమన్నాడో కూడా అడగాలి.